హెర్మన్ హోలెరిత్

హెర్మన్ హోలెరిత్ (1860 ఫిబ్రవరి 29 - 1929 నవంబరు 17) అమెరికాకు చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త, వ్యాపారవేత్త. దరఖాస్తులలో, పట్టికలలో రాసిన వివరాలను కార్డులపై రంధ్రాలుగా మార్చి, వాటిని విద్యుత్తు సహాయంతో లెక్కించే యంత్రాలను రూపొందించాడు. 1890 నాటి అమెరికా జనగణనలో ఈ యంత్రాలను వాడారు. ఆయన స్థాపించిన సంస్థ తదనంతర కాలంలో ఐబిఎంలో అంతర్భాగమైంది. పెద్ద మొత్తంలో ఉన్న సమాచారాన్ని యంత్రానికి అందించే విధానానికి ఆయనను ఆద్యునిగా భావిస్తారు.

బాల్యం, విద్యాభ్యాసం

హోలెరిత్ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో, జర్మనీ నుండి వలస వచ్చిన కుటుంబంలో జన్మించాడు. బాల్యంలో ఆయనకు ఆంగ్ల పదాల వర్ణక్రమం కొరుకుడు పడేది కాదని, ఆ పాఠం తప్పించుకోవడానికి బడి నుండి పారిపోయేవాడని చెబుతారు. తరువాత ఇంటివద్దనే చదువు సాగింది. 1879లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన గనుల శాస్త్ర కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. అక్కడి ఆచార్యుడు విలియం ట్రోబ్రిడ్జ్ జనగణన కార్యాలయంలో పనిచేస్తూ, తన శిష్యుని కూడా సహాయకునిగా తీసుకున్నాడు.

సమస్య స్వరూపం

1880 జనగణనలో అమెరికా జనాభా సుమారు 5 కోట్లు. ఆ వివరాలను గుమాస్తాలు చేతితో గీతలు గీస్తూ లెక్కించేవారు. వయసు, వృత్తి, జన్మస్థలం వంటి అంశాలను కలిపి పట్టికలు తయారు చేయాలంటే అవే పత్రాలను మళ్ళీ మళ్ళీ తిరగవేయవలసి వచ్చేది. ఈ పనికి ఆ దశాబ్దంలో అధిక భాగం పట్టింది. అమెరికా రాజ్యాంగం ప్రకారం ప్రతి పదేళ్ళకు జనాభాను లెక్కించి, దాని ఆధారంగా ప్రతినిధుల సభలో రాష్ట్రాలకు స్థానాలు కేటాయించాలి. జనాభా పెరిగేకొద్దీ ఒక గణన ముగియకముందే మరొకటి మొదలయ్యే ప్రమాదం కనిపించింది. ఈ పనిని యంత్రంతో చేయించవచ్చన్న సూచన, జనగణనలో ఆరోగ్య గణాంకాలను చూస్తున్న వైద్యుడు జాన్ షా బిల్లింగ్స్ నుండి హోలెరిత్‌కు అందింది.

ఆవిష్కరణ

1882లో హోలెరిత్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎంఐటి)లో బోధకునిగా చేరాడు. బోధన ఆయనకు అంతగా నచ్చలేదు. కొంతకాలం పేటెంటు కార్యాలయంలో పనిచేసి, ఆవిష్కరణల హక్కులను గురించి లోతుగా తెలుసుకున్నాడు. 1884లో తన తొలి పేటెంటు దరఖాస్తు సమర్పించాడు.

మొదట పొడవాటి కాగితపు చుట్టపై రంధ్రాలు చేసే పద్ధతిని ప్రయత్నించాడు. అయితే ఒక వ్యక్తి వివరాలు కావాలంటే చుట్ట మొత్తం తిప్పవలసి వచ్చేది. అందువల్ల మనిషికొక కార్డు చొప్పున కేటాయించే పద్ధతికి మారాడు. రైలు ప్రయాణికుల పోలికలను కండక్టరు టికెట్టుపై రంధ్రాలతో గుర్తించడం చూసి ఈ ఆలోచన కలిగినట్లు ఆయన తరువాత తెలిపాడు. రంధ్రాల అట్టలతో నేత డిజైన్లను నడిపే జాకార్డ్ మగ్గం అంతకు చాలాకాలం ముందే ఉంది. ధర్మవరం పట్టుచీరల నేతలో కూడా ఈ జాకార్డ్ అట్టలను వాడతారు. మగ్గంపై అట్ట దారాలకు ఆజ్ఞ ఇస్తుంది. హోలెరిత్ కార్డు ఒక మనిషి వివరాలను భద్రపరుస్తుంది.

బాల్టిమోర్ నగర ఆరోగ్యశాఖ మరణాల గణాంకాలపై ఈ పద్ధతిని మొదట పరీక్షించారు. 1889 జనవరి 8న ఆయనకు మూడు పేటెంట్లు లభించాయి.

పని విధానం

ఈ పద్ధతిలో మూడు దశలు ఉన్నాయి.

మొదటిది నమోదు. గుమాస్తా జనగణన పత్రం చూస్తూ, ఒక నమూనా ఫలకంపై సరైన గడి వద్ద పిడిని నొక్కితే, కార్డుపై అదే స్థానంలో రంధ్రం పడేది. ఒక ప్రాంతానికి చెందిన కార్డులన్నింటికీ స్థల సంకేతం ఒకటే కనుక, ఆ రంధ్రాలను కొన్ని కార్డులకు ఒకేసారి వేసే ప్రత్యేక పరికరం ఉండేది. ఉదాహరణకు హనుమకొండలోని ఒక వార్డు ప్రజల వివరాలను ఈ పద్ధతిలో ఎక్కించవలసి వస్తే జిల్లా, పట్టణం, వార్డు అనే అంశాలను ప్రతి కార్డుకు విడిగా నమోదు చేయనవసరం లేదు. మనిషి మనిషికి మారే వివరాలను మాత్రమే విడిగా నమోదు చేస్తే సరిపోతుంది.

రెండవది లెక్కింపు. కార్డును యంత్రంలో ఉంచి మీట దించితే సూదుల వరుస దానిపైకి దిగేది. రంధ్రం ఉన్నచోట సూది కిందనున్న పాదరసపు గిన్నెను తాకి విద్యుత్ వలయం పూర్తయ్యేది. అప్పుడు సంబంధిత గడియారపు ముల్లు ఒక అంకె ముందుకు జరిగేది. కార్డు సరిగా చదవబడినట్లు గంట మోగేది. గంట మోగకపోతే ఆ కార్డులో లోపం ఉందని గుమాస్తా గ్రహించేవాడు.

మూడవది వేరుచేయడం. కార్డులోని వివరాలను బట్టి పెట్టెలో తగిన అర మూత తెరుచుకునేది. గుమాస్తా ఆ కార్డును అందులో వేసేవాడు.

1890 జనగణన

1889లో జనగణన కార్యాలయం మూడు పద్ధతుల మధ్య పోటీ నిర్వహించింది. సెయింట్ లూయిస్ నగరంలోని 10,491 మంది వివరాలను మూడింటికీ ఇచ్చారు. వివరాలను ఎక్కించడానికి హోలెరిత్ పద్ధతిలో 72 గంటల 27 నిమిషాలు పట్టగా, మిగిలిన రెండింటికి 110 గంటలు, 144 గంటలకు పైగా పట్టింది. లెక్కింపులో తేడా మరింత స్పష్టమైంది. హోలెరిత్ యంత్రం 5 గంటల 28 నిమిషాలలో పూర్తి చేసిన పనికి ఇతర పద్ధతులలో 44, 55 గంటలకు పైగా పట్టింది. లెక్కింపు కంటే ఎక్కించడానికే అధిక సమయం పట్టిందని ఈ అంకెలు తెలియజేస్తున్నాయి.

పోటీలో గెలిచిన యంత్రాలతో దేశ జనాభా సుమారు 6 కోట్ల 26 లక్షలని 1890లోనే ప్రకటించారు. అంతకంటే ఎక్కువ ఆశించిన కొన్ని పత్రికలు యంత్రాన్నే అనుమానించాయి. మునుపటికంటే ఎక్కువ పట్టికలు తయారు చేయడం వలన జనగణన మొత్తం ఖర్చు తగ్గలేదు. అయినా పని వేగం, విస్తృతి పెరిగాయి. అదే సంవత్సరం హోలెరిత్‌కు కొలంబియా డాక్టరేటు, ఫ్రాంక్లిన్ సంస్థ వారి ఇలియట్ క్రెసన్ పతకం లభించాయి. లూసియా టాల్కాట్‌తో వివాహం కూడా ఆ సంవత్సరమే జరిగింది. వారికి ఆరుగురు సంతానం.

భారతదేశంలో 1901 జనగణన నుండి ఒక్కొక్కరి వివరాలను ఒక్కో చీటీపై రాసి, ఆ చీటీలను చేతితో వేరుచేసి లెక్కించే పద్ధతి అమలయింది. మనిషికొక చీటీ అనే సూత్రం రెండింటికీ సమానమే.

వ్యాపారం, వివాదం

జనగణన పదేళ్ళకొకసారి మాత్రమే వస్తుంది కనుక హోలెరిత్ వ్యాపార సంస్థల వైపు దృష్టి మళ్ళించాడు. న్యూయార్క్ సెంట్రల్ రైల్వే సరకు రవాణా లెక్కలకు తన యంత్రాలను అనువుగా మార్చాడు. ఇందుకోసం కార్డులను లెక్కించడమే కాక, వాటిలోని అంకెలను కూడే ఏర్పాటు చేశాడు. 1896లో టాబ్యులేటింగ్ మెషిన్ కంపెనీని స్థాపించాడు. రష్యా 1897 జనగణనలో కూడా ఆయన యంత్రాలను వాడారు.

ఆయన యంత్రాలను అమ్మకుండా అద్దెకు ఇచ్చేవాడు. 1900 జనగణన తరువాత అద్దె ఎక్కువగా ఉందని జనగణన కార్యాలయం అభ్యంతరం చెప్పింది. హోలెరిత్ తగ్గించడానికి అంగీకరించలేదు. 1905లో ప్రభుత్వం ఆయన యంత్రాలను వదులుకుని స్వంతంగా తయారీకి పూనుకుంది. ఆ పనిలో చేరిన జేమ్స్ పవర్స్ తరువాత ఆయనకు పోటీదారు అయ్యాడు. హోలెరిత్ న్యాయస్థానాన్ని ఆశ్రయించినా 1910 జనగణనను ఆపలేకపోయాడు. తనకు పేరు తెచ్చిన కార్యాలయాన్నే పట్టుదల వలన పోగొట్టుకున్నాడు.

1911లో ఆయన సంస్థ మరికొన్ని సంస్థలతో విలీనమైంది. 1914లో థామస్ వాట్సన్ నిర్వహణ చేపట్టగా, 1924లో సంస్థ పేరు ఐబిఎంగా మారింది. హోలెరిత్ 1921 వరకు సలహాదారుగా కొనసాగి, తరువాత తన వ్యవసాయ క్షేత్రంలో పశుపోషణతో కాలం గడిపాడు. 1929లో గుండెపోటుతో వాషింగ్టన్‌లో మరణించాడు.

ప్రభావం

1928లో ఐబిఎం తెచ్చిన 80 నిలువు వరుసల కార్డు కంప్యూటర్ల యుగంలో కూడా దశాబ్దాల పాటు నిలిచింది. ఫోర్ట్రాన్ భాషలో అక్షరాలను సూచించే ఒక విధానానికి హోలెరిత్ పేరు పెట్టారు. ఈ సాంకేతికతకు చీకటి కోణం కూడా ఉంది. ఆయన మరణానంతరం, 1933లో నాజీల పాలనలో జరిగిన జర్మనీ జనగణనలో మతం వంటి వివరాలను కూడా ఈ యంత్రాలతోనే లెక్కించారు.

1972లో ఐబిఎం మాజీ ఉద్యోగులు ఐదుగురు జర్మనీలో శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేరు సంస్థను స్థాపించారు. ఈ సాఫ్ట్‌వేరులో ఒక ఫారాన్ని ఒకసారి నింపుతూ ఏ తెరపై ఏ గడిలో ఏమి రాశారో నమోదు చేయవచ్చు. ఆ నమోదును నమూనాగా తీసుకుని, వేలాది వరుసల సమాచారాన్ని ఒక్కొక్కటిగా అవే గడులలోకి యంత్రమే ఎక్కిస్తుంది. తప్పున్న వరుసలను విడిగా చూపుతుంది. గడుల స్థానాన్ని ముందే నిర్ణయించడం, మారని వివరాలను ఒకేసారి ఇవ్వడం, లోపమున్న దానిని వేరుచేయడం అనే సూత్రాలు హోలెరిత్ నమూనా ఫలకంలో, గుంపు రంధ్రాల పరికరంలో, గంటలో ఉన్నవే.