కెటెలార్: సూరతునందలి తొలి హిందూస్థానీ వ్యాకర్త

భారతీయ భాషలను నేర్చు విదేశీయునకు విభక్తులకన్న నెక్కువ చిక్కు కలిగించునది మర్యాద. ఒక్కనినే బహువచనముతో ఎక్కడ పిలువవలయునో, ఏకవచన మెక్కడ చెల్లునో పదపట్టికలు తెలుపజాలవు. ఈ చిక్కును తొలినాట ఎదుర్కొన్న ఐరోపీయులలో యోవాన్ జోషువా కెటెలార్ ముఖ్యుడు. మనకు లభించిన హిందూస్థానీ వ్యాకరణములలో ప్రాచీనతమమైనది ఇతనిదే.

కెటెలార్ 1659లో బాల్టిక్ తీరప్రాంతమునందలి ఎల్బింగు పట్టణమున, పుస్తకములకు అట్టలు కట్టువాని కుమారుడై జన్మించెను. ఆ పట్టణము నేడు పోలెండులోనిది. ఇతని యౌవనము నిష్కళంకము కాదు. యజమాని సొమ్ము దొంగిలించెనను నేరము మోసి ఊరు విడిచి, డాంజిగు, స్టాక్‌హోము నగరములు తిరిగి, 1682లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువున చేరెను. మరుసటి యేడు సూరతునకు వచ్చెను. కెట్లర్ అను ఇంటిపేరు ఆ కొలువులోనే కెటెలార్ అయినది.

తాపీనది యొడ్డునున్న సూరతు అప్పటికి మొగలు సామ్రాజ్యమునకు ప్రధానమైన రేవు. అక్కడ వర్తకుల యింటిభాష గుజరాతీ. అధికారుల వ్రాతభాష పారసీకము. పలువురకు ఉమ్మడి పలుకు హిందూస్థానీ. సూరతు, అహమ్మదాబాదు, ఆగ్రాలలోని కొలువు ఇతనికి భాషాపాఠశాల యైనది. తోటి యుద్యోగుల కొరకు హిందూస్థానీ, పారసీక భాషలను బోధించు గ్రంథమును డచ్చిభాషలో రచించెను. ఐజాక్ వాన్ డెర్ హూవెన్ 1698లో లక్నోలో దానికి ప్రతి వ్రాసెను. ఉట్రెక్టు ఆచార్యుడు డేవిడ్ మిల్ దాని వ్యాకరణభాగమును 1743లో లాటినున అచ్చువేయించెను. తెలుగునకు 1728లోనే వ్యాకరణము వ్రాసిన బెంజమిన్ షుల్జ్, తన హిందూస్థానీ వ్యాకరణపీఠికలో దీనిని పేర్కొనెను.

లాటిను ముద్రణమును పరిశీలించిన గ్రియర్సన్ రెండు పరీక్షలు పెట్టెను. మొదటిది సర్వనామముల వచనభేదము. కెటెలార్ 'తూ'ను ఏకవచనముగను, 'తుమ్'ను బహువచనముగను సరిగా గుర్తించెను. రెండవది కర్తతో చేరు 'నే' ప్రయోగము. అది ఇతనికి తెలియలేదు. అంతేకాక, 'ఆప్' అనగా 'మనము' అని బోధించెను. ఇది గుజరాతీ వాడుక.

దీనిని కేవలము పొరపాటని త్రోసివేయరాదు. 'ఆప్' మూలమున ఆత్మార్థకము. గుజరాతీలో ఆ మూలమునుండి పుట్టిన పదము వినువానిని కలుపుకొను 'మనము' అయినది. హిందీలో గౌరవపూర్వకమైన 'తమరు' అయినది. మరాఠీ 'ఆపణ్' రెండర్థముల నిచ్చును. తెలుగునను 'తాను' నుండియే 'తాము', 'తమరు' అను మన్నన మాటలు వచ్చినవి. కావున కెటెలార్ తప్పు సూరతు బజారులో విన్న పలుకునకు సాక్ష్యమని నా యభిప్రాయము. అతడు దర్బారు భాషను గాక వర్తకుల భాషను లిఖించెను. తెలుగునాటి వెలుపల తెలుగు బోధించువారికి ఈ తప్పు పరిచితమైనదే. 'మేము', 'మనము'లను తారుమారు చేయు విద్యార్థి ఏటేట కనబడును.

మర్యాద తప్పరాని దర్బారునకే కెటెలార్ తరువాత పోవలసివచ్చెను. 1711లో సూరతు కొఠీకి అధిపతియై, డచ్చివారి రాయబారిగా లాహోరునకు పోయెను. 1712 ఫిబ్రవరిలో బహదూర్ షా మరణించెను. జహందర్ షా నుండి సంపాదించిన ఫర్మానులు, 1713లో ఫర్రుఖ్‌సియర్ సింహాసన మెక్కగా, విలువ కోలుపోయినవి. పిమ్మట పారసీక దేశమునకు రాయబారిగా పంపబడెను. గమ్రోను రేవులో, అరబ్బులపై డచ్చి ఓడను నడుపుమన్న పారసీకాధికారి యాజ్ఞను నిరాకరించి నిర్బంధమునకు లోనై, 1718లో జ్వరముతో మరణించెను.

గ్రియర్సన్ ఈ వ్యాకరణము సుమారు 1715 నాటిదని తలచెను. హేగులోని వ్రాతప్రతిని ఫోగెల్ 1930 తరువాత వెలికితీయగా, కాలము 1698కి గాని అంతకు ముందునకు గాని జరిగినది. 2008లో టోక్యోనుండి విపులమైన పరిశీలనము వెలువడినది. దర్బారులో గడించినది ఏడాదికే చెదరిపోగా, కొఠీలో వ్రాసుకొన్నది మూడువందల యేండ్లు నిలిచినది. ఆనాటి సూరతు పలుకుబడిని పరిశోధించువారికి అందలి ఒప్పులవలెనే తప్పులును ఉపకరించును.