డేవిడ్ షార్ప్
ఇంగ్లండులోని టౌసెస్టరులో 1840లో జన్మించిన డేవిడ్ షార్ప్ వృత్తిచేత వైద్యులు. కాని పెంకుపురుగుల పరిశీలనయే ఆయన జీవిత పరమార్థమైనది. తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ మ్యూజియంలో కీటక సంగ్రహానికి క్యూరేటరుగా పనిచేశారు.

అడవిలో రాలిన ఆకుల క్రింద నివసించే సెలాఫిడ్ పురుగులు అనేకం రెండు మిల్లీమీటర్లకు మించవు. పైకి ఒకే రీతిగా కనిపించే వీటిలో ఆడ పురుగును బట్టి జాతిని నిర్ణయించడం తరచు దుష్కరం. మగ పురుగు స్పర్శశృంగాలు, కాళ్లు, ముఖ్యంగా ఉదరంలో దాగిన జననాంగం జాతిభేదాన్ని తెలుపుతాయి. వాటిని చూడనివారు రెండు జాతులను ఒకే పేరున కలిపివేయగలరు.

జపానులోని ఈ పురుగులను షార్ప్ 1874లో వర్ణించారు. డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట, 1912లో, ఫ్రెడరిక్ మ్యూర్‌తో కలిసి పెంకుపురుగుల మగ జననాంగ నిర్మాణంపై బృహద్వ్యాసం ప్రకటించారు. అట్టి పరీక్షయే నేటికీ జాతి నిర్ణయానికి ప్రధానాధారం. 1922లో ఆయన దివంగతులైనారు. పై రూపాన్ని చూచి తీర్పు చెప్పరాదని ఆయన కృషి మన విద్యార్థులకు బోధిస్తున్నది.