అజరయ్య తండ్రిగారు – మన మెట్ట పల్లెల సంఘపెద్దలు

శతవత్సర సంచికకు ఒక వ్యాసము వ్రాసి ఇయ్యవలెనని పెద్దలు మమ్మును కోరినప్పుడు, ఏ సంగతి వ్రాయుదుమా అని కొంతకాలము ఆలోచించాము. ఏ దేవాలయము ఎప్పుడు కట్టబడినది, ఏ గురువుగారు ఏ సంవత్సరమున వచ్చారు అను వివరములు ఇతరుల వ్యాసములలో ఉండగలవు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల పల్లె సంఘములను తలంచుకొనగానే మా కన్నుల ముందు నిలిచేవారు వేరు. పొలము పని ముగించుకొని, కాళ్లు కడుగుకొని, లాంతరు చేతబట్టుకొని, ఇంటింటి గుమ్మము దగ్గర నిలిచి ప్రార్థనకు పిలిచిన సంఘపెద్దలు వారు. వారి పేర్లు రికార్డులలో అంతగా కనబడవు. అయితే వారి విలువ బాగుగా ఎరిగిన ఒక బిషప్పుగారు మనకు ఉండెడివారు. ఆయనే వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు. ఆయన జీవితమును ఈ ఒక్క కోణము నుండి సంఘస్థుల ముందు ఉంచుటకు ప్రయత్నింతుము.

మొదట మన ప్రాంతపు మాట

అజరయ్యగారు ఈ దేశమునకు రాక మునుపే మన మెట్ట సీమలో సంఘము పుట్టినది. చర్చి మిషనరీ సొసైటీ వారు 1841లో మచిలీపట్నమునకు వచ్చి తెలుగు మిషను ఆరంభించారు. తరువాత బెజవాడలో డార్లింగు దొరగారు పనిచేశారు. ఎంత ప్రయాసపడినను పల్లె ప్రజలలో ఫలము కనబడక ఆయన చాలాకాలము కనిపెట్టవలసి వచ్చినది. అట్టి దినములలో రాఘవాపురము నుండి పగోలు వెంకయ్యగారు సత్యదేవుడెవరో తెలిసికొనవలెనను దాహముతో వెదకుచు దొరగారి యొద్దకు చేరారు. 1859లో ఆయనయు, ఆయన వారు కొందరును బాప్తిస్మము పొందారు. మాల పల్లెలో వెలిగిన ఆ దీపము బంధువుల ద్వారా, వియ్యపువారి ద్వారా ఒక పల్లె నుండి మరియొక పల్లెకు ప్రాకినది.

వెంకయ్యగారు గురుపట్టము పొందినవారు కారు, వేదాంత కళాశాలలో చదివినవారు కారు. తన ఇంటివారిని, తన వాడవారిని, తన చుట్టములను ప్రభువు యొద్దకు నడిపించిన పెద్ద ఆయన. కాబట్టి మన ప్రాంతములో సంఘపెద్ద అనువాడు గురువుగారికి సహాయముగా తరువాత నియమింపబడినవాడు అని తలంచుట చరిత్రకు సరిపడదు. మన పల్లెలలో గురువు నివాసము లేనినాడే సంఘపెద్ద ఉన్నాడు.

పల్లెటూరి గురువుగారి కుమారుడు

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై అను గ్రామమున జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకముగారు ఆ పల్లె సంఘమునకు గురువు. తల్లి ఎలెన్ అమ్మగారు చాలా యేండ్లు ప్రార్థించి పొందిన బిడ్డ గనుక శామ్యూలు అని పేరు పెట్టారు. తండ్రి చనిపోవునాటికి అజరయ్యగారు ఇంకను బాలుడే. భక్తిగల తల్లి క్రమశిక్షణలో పెరిగారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని, జబ్బుపడి ఆఖరి పరీక్షకు కూర్చొనలేకపోయారు. పట్టభద్రుడు కాలేకపోయిన ఆ యువకునికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారు గౌరవ డాక్టరేటు ఇచ్చారనుట దేవుని నడిపింపే అని మేము నమ్ముచున్నాము.

1895 నుండి ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగారు. 1902లో యాళ్పాణము వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్త పని నడిపించుట చూచారు. అంత పెద్దదైన తిరునెల్వేలి సంఘము ఆ పని చేయలేదే అని ఆయన మనస్సు నొచ్చుకొన్నది. ఆ నొప్పిలో నుండి 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టినది. 1905 డిసెంబరు 25న సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోను ఆయనది ముఖ్యమైన పాత్ర. భారతదేశపు మనుష్యులు, భారతదేశపు కానుకలు, భారతదేశపు నాయకత్వము – ఇదే ఆ సంఘముల పద్ధతి.

ఇండియన్ మిషనరీ సొసైటీ వారు తమ పొలముగా ఎన్నుకొన్నది నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. ఇతరులను పంపి తాము ఇంటియొద్ద ఉండుట అజరయ్యగారికి సమ్మతము కాలేదు. 1909లో గురుపట్టము పొంది, మంచి ఉద్యోగము విడిచి, భార్య అన్బు అమ్మగారితోను పిల్లలతోను దోర్నకల్‌కు వచ్చారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని, తెలుగువారికి తండ్రి అయ్యారు. చివరకు జనులందరు ఆయనను తండ్రిగారు అనియే పిలిచేవారు.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. అందులో ఆయన దొరల ముఖము ఎదుటనే, మీ త్యాగములకు కృతజ్ఞులమే గాని మాకు స్నేహము కూడ కావలెనను భావముతో మాట్లాడారు. కొందరికి ఆ మాట కష్టముగా తోచినది. అయినను పెద్దవాడు చిన్నవానికి ఉపకారము చేయుట ఒకటి, ఇద్దరు సమానముగా కూర్చొని సంఘభారము మోయుట మరియొకటి అని ఆయన గ్రహించారు. దొరల నుండి తాను కోరిన ఆ గౌరవమునే తరువాత తన పల్లె పెద్దలకు ఆయన ఇచ్చారు.

బిషప్పుగారు, పల్లె పెద్దలు

1912 డిసెంబరు 29న కలకత్తా సెంట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. మొదట ఆయన అధ్యక్షఖండము చాలా చిన్నది. 1920 ప్రాంతమున కృష్ణా జిల్లా సంఘములు చేరగా అది విస్తరించినది. అట్లు వెంకయ్యగారు మొదలుపెట్టిన మన మెట్ట పల్లెలును అజరయ్యగారి మందలోనికి వచ్చినవి.

సంఘము విస్తరించిన కొలది ఒక చిక్కు ఎదురైనది. గుంపులు గుంపులుగా జనులు బాప్తిస్మమునకు వచ్చుచున్నారు. గురువులు కొద్దిమంది. ఒక్కొక్క గురువుగారి క్రింద అనేక గ్రామములు. ప్రభు సంస్కారము ఇచ్చుటకు గురువుగారు రాగలిగినది ఎప్పుడో ఒక ఆదివారము. మిగిలిన దినములలో ఆ మందను కాచేది ఎవరు? ఎద్దుబండి మీద, సైకిలు మీద, నడిచి పల్లెలు తిరిగిన అజరయ్యగారికి ఈ ప్రశ్న పుస్తకములలో చదివినది కాదు, కన్నులార చూచినది. గ్రామ ఉపాధ్యాయులు ఒక జవాబు. 1935 నాటికి అట్టివారు రెండువేల మందికి పైగా ఉండిరి. సంఘపెద్దలు రెండవ జవాబు. ఉపాధ్యాయుడు బదిలీ అయి పోవచ్చును. సంఘపెద్ద ఆ ఊరి మట్టిలో పుట్టి ఆ ఊరి మట్టిలో కలిసేవాడు.

మోషే ఒంటరిగా తీర్పు తీర్చుచు అలసిపోవుట చూచి, భారము పంచుకొనుమని మామ యిత్రో చెప్పిన సంగతి మనకు తెలుసును. పౌలు ఎఫెసు పెద్దలను మిలేతుకు పిలిపించి, మందను వారి చేతికి అప్పగించి కన్నీటితో సాగిపోయిన సంగతియు తెలుసును. అజరయ్యగారు ఈ మార్గమునే అనుసరించారు.

ఆ దినములలో పల్లె సంఘపెద్దల పని ఏమి? ప్రతి సాయంకాలము జనులను ప్రార్థనకు కూర్చుట, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు కొత్తవారికి కంఠస్థము చేయించుట, ఇంటిలో తగవు వచ్చినప్పుడు మునసబు కచేరీ వరకు పోనీయక సంఘ పంచాయతీలో సమాధానపరచుట, రోగి మంచము దగ్గర ప్రార్థించుట, చనిపోయిన వారిని గౌరవముగా సమాధి చేయుట. అన్నము వండేటప్పుడు తల్లులు తీసి ఉంచిన పిడికెడు బియ్యము, కోతపండుగకు తెచ్చిన జొన్నలు, కోళ్లు లెక్కచూచి అప్పగించుట కూడ వారి పనియే. బీదవారు ఇయ్యలేరను మాటను అజరయ్యగారు ఒప్పుకొనలేదు. ఇచ్చుట నేర్చుకొనినగాని మనుష్యునికి తన సంఘము తనది అను అభిమానము కలుగదని ఆయన బోధ. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాశారు.

మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములను పల్లెల నుండి వెళ్లగొట్టవలెనని ఆయన తరచుగా హెచ్చరించేవారు. ఈ నాలుగింటిలో ఒకటియు ప్రసంగపీఠము మీద నుండి మాత్రమే పోయేది కాదు. త్రాగి వచ్చినవానిని తెల్లవారిన తరువాత ప్రక్కకు పిలిచి మందలించువాడు, షావుకారు నోటు మీద వ్రేలిముద్ర వేయబోవువానిని ఆపువాడు ఆ వాడలోనే ఉండవలెను గదా.

బాప్తిస్మము పొందినవారిచేత తమ చేతిని తమ తలమీద ఉంచుకొనజేసి, సువార్త ప్రకటింపకపోయిన తమకు శ్రమ అని పౌలుగారివలె ఒప్పుకొనజేయుట ఆయన ఆచారము. సాక్ష్యము గురువుగారి ఉద్యోగము కాదు, ప్రతి విశ్వాసి బాధ్యత అని దాని భావము. ఏటేట జరిగిన సాక్ష్య వారములలో సంఘపెద్దలు, స్త్రీలు, యౌవనస్థులు గుంపులుగా పొరుగు పల్లెలకు బయలుదేరేవారు. అన్బు అమ్మగారు గురుపట్టమునకు చదువువారి భార్యలకు బోధించి, స్త్రీల మధ్య పని చేయుటకు వారిని సిద్ధపరచారు.

ఆయన మెత్తని మనిషి మాత్రము కారు. క్రమశిక్షణలో కఠినముగా ఉండేవారు. కొందరికి అది భారముగా తోచినది. మాలలు, మాదిగలు ఒకే బల్లయొద్ద కూర్చొనవలెనను విషయములో ఆయన రాజీపడలేదు. ఈ విషయములో సంఘపెద్దలు కొన్నిచోట్ల సహాయమైరి, కొన్నిచోట్ల వారే అడ్డుగోడలైరి. దీనిని దాచిపెట్టుట మంచిది కాదు. పెద్ద తన కులమునకు మాత్రమే పెద్ద అయినచో మంద రెండుగా చీలును.

దోర్నకల్ ఎపిఫనీ దేవాలయము పూర్తియై 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. మన దేశపు శిల్పరీతులతో కట్టబడిన ఆ ఆలయమునకు సుమారు పాతికేండ్లు పట్టినది. 1945 జనవరి 1న తండ్రిగారు దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆ అధ్యక్షఖండములో రెండు లక్షలకు పైగా క్రైస్తవులు ఉండిరి. 1919లో తరంగంబాడి సభనాటి నుండి ఆయన పాటుపడిన సంఘైక్యత, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరినది. దానిని ఆయన కన్నులు చూడలేదు.

మన మాట

మా పరిచర్య తొలి దినములలో జరిగినది ఒకటి చెప్పుకొని ముగింతుము. మెట్టలోని ఒక పల్లెలో ఒక కుటుంబము మూడు నెలలు ఆరాధనకు రాలేదు. మేము వారి పేర్లు ఎత్తకుండ గాని, అందరికి తెలియునట్లుగా ప్రసంగములో మందలించాము. ఆరాధన అయిన తరువాత ఒక వృద్ధ సంఘపెద్ద మమ్మును వేపచెట్టు క్రిందికి తీసికొనిపోయి మెల్లగా సంగతి చెప్పారు. మిరప పంట పోయి, అప్పు తీరే దారి లేక, వారు రాత్రికి రాత్రి పట్నము కూలికి వెళ్లిపోయారట. ఇంటిలో మిగిలిన ముసలి తల్లికి తన ఇంటి నుండే రెండు పూటల అన్నము పంపుచున్నారట. అంతకు మించి ఒక్క మాటైనను అనలేదు. మేము సిగ్గుపడి ఆ సాయంకాలమే ఆ తల్లి ఇంటికి వెళ్లాము. వేదాంత కళాశాలలో కాపరి పనిని గూర్చి నేర్చుకొన్నదంతయు ఆ వేపచెట్టు క్రింద మరల నేర్చుకొన్నాము.

ఆ పెద్ద ఇప్పుడు లేరు. నందిగామ, జగ్గయ్యపేట 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. మన యౌవనస్థులు హైదరాబాదుకు, విజయవాడకు పోవుచున్నారు. పల్లెలలో వృద్ధులు, తాళము వేసిన ఇండ్లు మిగులుచున్నవి. ఇట్టి కాలములో సంఘపెద్ద అవసరము తగ్గలేదు, హెచ్చినది. అయితే కమిటీ ఎన్నికలలో ఎవరు గెలిచారు, ఎవరు ఓడిపోయారు అనునదే మన చర్చ అయిపోయినది. కానుకల బల్లయొద్ద కూర్చొనుటకు పోటీపడువారము, రోగి మంచము దగ్గర కూర్చొనుటకు పోటీపడుచున్నామా? గురువులమైన మేమును నిర్దోషులము కాము. పెద్దలను సలహా అడుగక అన్నియు మేమే చేయబోయి, వారిని చందాలు వసూలు చేయువారిగా మిగిల్చితిమి.

శతవత్సర జ్ఞాపకార్థముగా ఫలకములు వేయించుట మంచిదే. దానితో పాటు ప్రతి పాస్టరేటులో ఒక్కొక్క సంఘపెద్దకు పది ఇండ్లు అప్పగించి, స్త్రీల మైత్రి సహోదరీలను కూడ ఆ పనిలో చేర్చుకొని, నెలకొకసారి గురువుగారితో కూర్చొని ఆ ఇండ్ల క్షేమము మాట్లాడుకొనినయెడల మేలని మా మనవి. ఎవరు జబ్బుగా ఉన్నారు, ఎవరు అప్పులో ఉన్నారు, ఎవరు ఒంటరిగా ఉన్నారు – ఈ మూడు ప్రశ్నలు చాలును. వెంకయ్యగారు తన వాడలో మొదలుపెట్టినదియు, అజరయ్య తండ్రిగారు పల్లె పల్లెలో బలపరచినదియు ఈ పనియే. ప్రధాన కాపరి ప్రత్యక్షమైనప్పుడు ఆయన లెక్క అడుగునది మందను గూర్చియే.

దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.