ఖాల్సాకి అమ్మ

పిల్లల్లేని ఆడదాన్ని మన లోకం ఏమంటుందో నేను చెప్పక్కర్లేదు. శుభకార్యానికి పిలవడానికే తటపటాయిస్తారు. అలాంటిది, కడుపు పండని ఒక స్త్రీని ఓ మతం మతమంతా తల్లిని చేసుకుంది. ఆవిడే మాతా సాహిబ్ కౌర్.

మా పాతబస్తీని ఆనుకుని కిషన్‌బాగ్ దగ్గర సిక్కు ఛావ్నీ ఉంది. 1832లో దివాన్ చందూలాల్ కోరితే మహారాజా రంజిత్ సింగ్ లాహోర్ నుంచి పంపిన సైనికుల సంతతివాళ్లు అక్కడుంటారు. తెలుగు మనలాగే మాట్లాడతారు. అక్కడి ఒకావిడ, అమృతం పుచ్చుకున్న రోజునుంచీ తనకి తండ్రి గురు గోవింద్ సింగ్, తల్లి సాహిబ్ కౌర్ అని చెప్పింది. మరి కన్నతల్లి ఏమైనట్టు అని నాకు అనుమానం. అలా మొదలైంది ఈ కథ మీద నా ఆసక్తి.

అసలు పేరు సాహిబ్ దేవాన్. 1681లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న రోహ్‌తాస్‌లో పుట్టింది. కూతుర్ని గురువుకే ఇస్తానని తండ్రి మొక్కుకున్నాడు. దాంతో జనం ఆ పిల్లని ముందే మాతా అనడం మొదలెట్టారు. తీరా ఆనంద్‌పూర్ తీసుకెళ్తే, గురువుకి అప్పటికే సంసారం, కొడుకులు. ఆయన ఒప్పుకోలేదు. మాతా అనిపించుకున్న పిల్లని ఇంకెవరు చేసుకుంటారు? చివరికి సంసార సంబంధం ఉండదన్న షరతు మీద 1700లో పెళ్లయింది. మొక్కు తండ్రిది, మోసింది కూతురు. ఇది మాత్రం నాకు మింగుడుపడదు.

కొన్నాళ్లకి ఆవిడ బిడ్డ కావాలని అడిగిందట. 1699 వైశాఖినాడు తాను ఏర్పరచిన ఖాల్సానే గురువు ఆవిడ ఒడిలో పెట్టారు. ఇనప గిన్నెలో నీళ్లు పోసి, బతాసాలు వేసి, ప్రార్థనలు చదువుతూ ఖండాతో కలుపుతారు. అదే అమృతం. అది తాగాక కులం లేదు. మగవాడైతే సింగ్, ఆడదైతే కౌర్. కేశాలు, కడియం, కిర్పాన్... నియమాలు ఇద్దరికీ ఒకటే. పెళ్లితో ఇంటిపేరు మార్చుకునే నాబోటివాళ్లకి ఆ కౌర్‌ని చూస్తే కాస్త అసూయే!

నలుగురు కొడుకులూ బలైపోయాక గురువు దక్షిణాదికొచ్చారు. ఆవిడా వచ్చింది. నాందేడ్‌లో మన గోదావరి ఒడ్డునే బస. రోజూ గురువు దర్శనం కానిదే ముద్ద ముట్టేది కాదంటారు. 1708లో, తన చివరి రోజులు దగ్గరపడ్డాయని ఆయన ఆవిణ్ని ఢిల్లీ పంపేశారు. చేతికిచ్చింది నగలు కాదు, ఆరో గురువు హరగోవింద్ ఆయుధాలు ఐదు.

ఢిల్లీలో సవతి సుందరితో కలిసి ఉంది. సవతులనగానే మనకి జుట్టూ జుట్టూ పట్టుకోవడమే గుర్తొస్తుంది గానీ, గురువు పోయాక ఖాల్సాకి పెద్దదిక్కు వీళ్లిద్దరే. సాహిబ్ దేవాన్ తన పేర హుకుంనామాలు కూడా పంపింది. 1747లో ఢిల్లీలోనే కన్నుమూసింది. ఆ ఆయుధాలు రకాబ్‌గంజ్ గురుద్వారాలో ఇప్పటికీ ఉన్నాయి.