పగులుకు లెక్క కట్టిన గ్రిఫిత్

అలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్ గారు 1893 జూన్ 13న లండన్‌లో జన్మించారు. తండ్రి జార్జ్ గ్రిఫిత్ పేరున్న నవలా రచయిత. కొడుక్కి పదమూడేళ్లు నిండకముందే, 1906లో ఆయన కన్నుమూశారు. అలన్ స్కాలర్‌షిప్ సంపాదించి లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. స్కాలర్‌షిప్ విలువ మన హాస్టల్ మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

1915లో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో చేరారు. లెక్క ప్రకారం ఎంతో బలంగా ఉండాల్సిన గాజు కొద్దిపాటి బరువుకే ఎందుకు పగులుతుందన్నది ఆయన ప్రశ్న. గాజును కరిగించి వెంట్రుకకన్నా సన్నని పోగులు తీశారు. అవి మామూలు గాజుకన్నా సుమారు 20 రెట్లు బలంగా ఉన్నాయి! లోపమంతా మామూలు గాజులో దాగిన కంటికి కనబడని పగుళ్లదే. పగులు పెరిగితే వస్తువులోని శక్తి కొంత విడుదలవుతుంది, కొత్త ఉపరితలం ఏర్పడడానికి కొంత ఖర్చవుతుంది. రాబడి ఖర్చును మించితే పగులు ఇక ఆగదు. 1921లో ప్రచురించిన ఆయన సిద్ధాంతం సారం ఇదే.

లోహానికి ఈ లెక్క నేరుగా సరిపోదు. పగులు మొన దగ్గర లోహం సాగుతూ చాలా శక్తిని మింగేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి చూడండి. మొదట సులువుగా వంగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, చివరికి పుటుక్కున తెగుతుంది. మళ్లీ మళ్లీ బరువు పడితే కొన్ని లోహాలు ఇలాగే గట్టిపడతాయి. గట్టిపడ్డ చోట సాగుదల తగ్గి, పగులును నెట్టే శక్తికి అడ్డు తగ్గుతుంది. అమెరికాలో జార్జ్ ఇర్విన్ ఈ లెక్కను లోహాలకు సరిపడేలా సవరించి, ఆ శక్తికి గ్రిఫిత్ పేరులోని ‘జి’ అక్షరాన్నే గుర్తుగా పెట్టారు.

1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే ముక్కలై 56 మంది చనిపోయారు. పరీక్షలో క్యాబిన్ 18,000 సార్ల దాకా ఒత్తిడిని తట్టుకుంది. కూలిన విమానాలు మాత్రం ఒకటి 1,290, మరొకటి 900 ప్రయాణాలకే విచ్ఛిన్నమయ్యాయి. ఎందుకంటే, పరీక్ష క్యాబిన్‌ను ముందుగా రెట్టింపు ఒత్తిడికి గురిచేశారు. కిటికీ మూలల్లో లోహం సాగింది. ఒత్తిడి తీసేశాక చుట్టూ ఉన్న లోహం దాన్ని నొక్కిపట్టడంతో అక్కడ పగులు తొందరగా పెరగలేదు. జనం ఎక్కిన విమానాలకు ఆ రక్షణ లేదు. ఈ సంగతి తేలింది ఫార్న్‌బరో దర్యాప్తులోనే.

అప్పటికి గ్రిఫిత్ గారు అక్కడ లేరు. 1939లోనే రోల్స్ రాయిస్‌లో చేరి జెట్ ఇంజన్లపై పనిచేస్తున్నారు. విచిత్రమేమిటంటే, యువ అధికారి ఫ్రాంక్ విటిల్ 1929 ప్రాంతంలో జెట్ ఇంజన్ ఆలోచన తెచ్చినప్పుడు అది ఆచరణకు రాదని తోసిపుచ్చింది కూడా ఆయనే. 1960 దాకా ఆ కంపెనీలో పనిచేసి, 1963 అక్టోబర్ 13న మరణించారు.