గొంతు పోయాక రాసిన పాటలు

ఈ మధ్య కాలేజీల్లో మైండ్‌ఫుల్‌నెస్ సెషన్లు బాగా ఎక్కువయ్యాయి. మిడ్స్ ముందు ఒకటి, ప్లేస్‌మెంట్స్ ముందు ఒకటి. కళ్ళు మూసుకోండి, ఊపిరి గమనించండి అంటారు. అలాంటి ఒక సెషన్లో గుర్రాలతో చేసే థెరపీ గురించి నాలుగు స్లైడ్లు చూపించారు. విదేశాల్లో రచయితలు, సంగీతకారులు, పెయింటర్లు డిప్రెషన్‌లో ఉన్నప్పుడు గుర్రాల దగ్గరికి వెళ్తారట. నా పక్కన కూర్చున్నవాడు, మన గోదారి జిల్లాల్లో గుర్రమంటే కాటన్ దొర విగ్రహం కింద ఉండేదేగా, దాని దగ్గరికెళ్ళి ఏడవాలా అన్నాడు. హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ విషయం మాత్రం బుర్రలో ఉండిపోయింది.

అందులో సంగతి ఇది. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి గురయ్యే జంతువు. అందుకే ఎదుటివాడి ఒంట్లో బిగువుని, నడకలో తేడాని ఇట్టే పట్టేస్తుంది. మనిషి కంగారుగా ఉంటే అది దూరం జరుగుతుంది, కుదురుగా ఉంటే దగ్గరికొస్తుంది. ఈ పద్ధతిలో చాలాసార్లు స్వారీ అసలుండదు. దువ్వడం, తాడు పట్టుకుని నడిపించడం, పక్కన ఊరికే నిలబడటం, అంతే. గుర్రానికి మన డిగ్రీలు, మన కవితలు తెలియవు. మాటలతో దాన్ని మోసం చేయలేం. దీని మీద జరిగిన పరిశోధనలు ఇంకా చిన్నవే, కాబట్టి ఇదో అద్భుతం అని నేను చెప్పను. మైండ్‌ఫుల్‌నెస్ మీద మాత్రం పని ఎక్కువే జరిగింది. జాన్ కబట్‌జిన్ అనే ఆయన 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఎనిమిది వారాల కోర్సుగా దాన్ని మొదలుపెట్టారు.

మన వైపు ఇలాంటి మనిషి ఎవరున్నారా అని వెతికితే నాకు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు కనిపించారు. ఆయన దగ్గర గుర్రం లేదు. కానీ మనసు విరిగిన కళాకారుడు, చివరికి మాటే లేకుండా బతికిన మనిషి, ఆయన్ని మించి మన గడ్డ మీద ఎవరూ గుర్తురాలేదు.

ఆయన 1897 నవంబరు 1న పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. ఇంట్లో తండ్రి, పెదనాన్న ఇద్దరూ పిఠాపురం ఆస్థానంలో పండితులు. పద్యం ఇంట్లో అన్నంతో పాటే ఉండేదన్నమాట. పిఠాపురంలో చదువు, తర్వాత డిగ్రీకి విజయనగరం, ఆ తర్వాత పెద్దాపురం మిషన్ హైస్కూల్లో టీచరు ఉద్యోగం. ఇంతవరకూ మామూలు కథే. అప్పట్లో కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి వల్ల బ్రహ్మసమాజం గాలి గట్టిగా వీస్తోంది. ఈయనా అందులోకి వెళ్ళారు.

1920లో ఆరోగ్యం బాగాలేక వైద్యం కోసం రైల్లో బళ్ళారి బయలుదేరారు. కాకినాడ వైపు నుంచి బళ్ళారి అంటే ఇప్పటికీ చిన్న ప్రయాణం కాదు. అప్పుడు ఫోన్ లేదు, ఇయర్‌ఫోన్స్ లేవు. కిటికీ ఒక్కటే ఉంది. దారిలో కనిపించిన కొండలు, చెట్లు, ఆకాశం ఆయన్ని పట్టేసుకున్నాయి. కృష్ణపక్షం అనే పుస్తకానికి ప్రేరణ అక్కడే దొరికిందని ఆయన జీవితం గురించి రాసినవాళ్ళు చెప్తారు. నాకు ఈ రైలు ప్రయాణం చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే ఆయన ఏడుపుతో కవి అయ్యారని అందరూ అనుకుంటారు. కానీ వరస చూడండి. 1920లో ఒంట్లో బాగాలేని ఒక కుర్రాడు కిటికీలోంచి బయటికి చూశాడు. పెద్ద దుఃఖం ఆ తర్వాత వచ్చింది.

1922లో భార్య చనిపోయారు. ఆయనకి అప్పటికి పాతికేళ్ళు. మన సీనియర్ల కంటే మూడు నాలుగేళ్ళు పెద్ద, అంతే. అక్కడి నుంచి రాతలో విషాదం చిక్కబడింది. కృష్ణపక్షం 1925లో వచ్చింది. తర్వాత ప్రవాసం, ఊర్వశి. తెలుగులో భావకవిత్వం అంటే ఆయన పేరే చెప్పేంత పేరొచ్చింది. పొడుగు జుట్టు, ఆ గొంతు, సభల్లో ఆయన పద్యం చదివే తీరు చూసి కుర్రాళ్ళు ఆయనలా తయారయ్యారట. జుట్టు పెంచినవాళ్ళు చాలామంది, కవిత్వం వచ్చినవాళ్ళు కొంతమంది. తర్వాతి తరం దీన్ని బాగా ఎగతాళి చేసింది. చలం కూడా మహాప్రస్థానం ముందుమాటలో ఈయన బాధనీ శ్రీశ్రీ బాధనీ పక్కపక్కన పెట్టి తూచారు. ఆ తూకం ఈయన వైపు మొగ్గలేదు.

ఇక్కడ కాస్త ఆగి నా గొడవ చెప్పాలి. మా హాస్టల్లో ఒకడున్నాడు, పేరు వద్దు. కవితలు బాగా రాస్తాడు. నిజంగా బాగా రాస్తాడు. పోయిన సెమిస్టర్ నుంచి నిద్ర లేదు, మెస్‌కి రాడు, క్లాసులకి రాడు. డాక్టర్ దగ్గరికి వెళ్దాం రా అంటే, బాధ తగ్గిపోతే కవిత్వం కూడా పోతుందిరా అంటాడు. కృష్ణశాస్త్రి గారి పేరు నాకు గట్టిగా వినిపించింది వాడి నోటే. ఆయన ఏడ్చాడు కాబట్టే అంత గొప్ప కవి అయ్యాడని వాడి వాదన. వాడికి జవాబు చెప్పాలనే నేను ఈయన జీవితం వెతకడం మొదలుపెట్టాను. తెలుగు మీడియం కాదు కదా నాది, పద్యాలు అర్థం కావడానికి అమ్మమ్మకి ఫోన్ చేసి చదివించుకున్నాను.

నాకు కనిపించింది ఏంటంటే, భార్య పోయాక ఆయన గదిలో కూర్చోలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. పిఠాపురం హైస్కూల్లో టీచరుగా చేరారు. రాజుగారికి ఆయన భావాలు నచ్చలేదు, ఉద్యోగం వదిలేశారు. బ్రహ్మసమాజం పనిలో ఊళ్ళు తిరిగారు. కళావంతుల కుటుంబాల అమ్మాయిలకి పెళ్ళిళ్ళు జరిపించే ఉద్యమంలో పనిచేశారు. అప్పటి రోజుల్లో అగ్రహారం ఇంట్లో పుట్టినవాడు ఆ పని చేయడమంటే ఎంత తిట్లు పడాలో ఊహించుకోవచ్చు. కవిత్వంలో ఒంటరి, జీవితంలో మాత్రం ఎప్పుడూ మనుషుల మధ్యే. 1929లో రవీంద్రనాథ్ టాగోర్‌ని కలిశారు. టాగోర్ కూడా 1902లో భార్యని, 1903లో ఒక కూతుర్ని, 1907లో ఒక కొడుకుని పోగొట్టుకున్న మనిషే. అయినా చెట్ల కింద బడి నడుపుతూ ఉన్నారు. ఆ పరిచయం తర్వాత కృష్ణశాస్త్రి గారి రాతలో వెలుగు పెరిగిందని విమర్శకులు అంటారు. 1933 నుంచి 1941 దాకా కాకినాడ కాలేజీలో పాఠాలు చెప్పారు.

ఒక సరదా సంగతి. ఆయన కొడుకు బుజ్జాయి, పంచతంత్రం బొమ్మల కథలు వేసిన పెద్ద కార్టూనిస్టు. ఆయన్ని చిన్నప్పుడు బడికి పంపకుండా తనతో పాటు ఊళ్ళు తిప్పారు. డెబ్భై ఐదు శాతం అటెండెన్స్ కోసం ఏడ్చే మనకి ఇది కథలా ఉంటుంది. బుజ్జాయి గారు తర్వాత నాన్న-నేను అని ఆ రోజుల గురించి పుస్తకం రాశారు.

తర్వాత బి.ఎన్.రెడ్డి గారు ఆయన్ని సినిమాకి తీసుకెళ్ళారు. మల్లీశ్వరి 1951లో వచ్చింది. అందులో బండిలో ఇంటికెళ్తూ బావా మరదళ్ళు ఎడ్లని తొందరపెట్టే పాట ఒకటుంది. వాన వచ్చేలోగా ఊరు చేరాలి. పాటంతా ఎడ్లతో మాటలే. నేను దాన్ని ఇరవై సార్లు విన్నాను. పశువు పక్కనున్నప్పుడు మనిషి ఎలా తేలికపడతాడో ఆ పాటలో ఉంది. స్లైడ్లలో గుర్రం గురించి చెప్పింది ఇదే కదా అనిపించింది. మనకి గుర్రాల్లేవు, ఎడ్లున్నాయి. ఇప్పుడు అవీ తగ్గిపోయి ట్రాక్టర్లు వచ్చాయనుకోండి, అది వేరే కథ. ఏడుపు కవి అని పేరు పడ్డ మనిషి, యాభై దాటాక, ఇంత పరుగున్న పాట రాశారు. తర్వాత 1957లో హైదరాబాద్ ఆకాశవాణిలో చేరారు. రేడియో కోసం రాసిన లలితగీతాలకి లెక్కలేదు. బడిలో ఆగస్టు పదిహేనుకి మనమంతా నిలబడి పాడిన దేశభక్తి గీతం కూడా ఆయనదే.

1960ల్లో గొంతుకి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు, మాట పోయింది. ఆ గొంతుతోనే ఊరూరా భావకవిత్వాన్ని మోసుకెళ్ళిన మనిషికి అది పోయింది. ఆయన వయసు అప్పటికి అరవై దాటింది. ఇక నుంచి కాయితం ముక్కల మీద రాసి చూపించడమే మాట్లాడటం. ఎవరైనా వస్తే వాళ్ళు నోటితో మాట్లాడతారు, ఈయన పెన్సిల్‌తో. మనం రోజంతా చాట్ చేస్తాం గానీ, వేరే దారి లేక అలా చేయడం ఒక్కరోజు ఊహించండి. నవ్వు రాసి చూపించాలి. కోపం రాసి చూపించాలి. మ్యూజిక్ డైరెక్టర్‌కి ఒక పదం ఎలా విరవాలో రాసి చూపించాలి.

ఆ కాలంలోనే ఆయన ఎన్నో సినిమా పాటలు రాశారు. 1968లో సుఖదుఃఖాలు సినిమాకి మల్లెల పాట రాశారు. తొందరపడి వసంతం వచ్చేసిందనుకున్న కోయిల గురించి. అందులో బాధ ఉంది, కానీ ఆయన కోయిలనే చూస్తున్నారు, తనని కాదు. మా హాస్టల్ వాడికి నేను చెప్పింది ఇదే. బాధ ఆయన దగ్గర ఎప్పుడూ ఉంది, కానీ దాన్ని పాట చేసింది బయటికి చూసే ఆ చూపు. బాధే ముడిసరుకైతే గొంతు పోయినప్పుడు మళ్ళీ కృష్ణపక్షమే రావాలి. అలా రాలేదు. ఒళ్ళు బాగోకపోతే బళ్ళారి దాకా వెళ్ళారు, క్యాన్సర్ వస్తే కత్తికి ఒప్పుకున్నారు. వైద్యం చేయించుకుంటే కవిత్వం పోతుందని ఆయన భయపడి ఉంటే ఈ పాటలు ఉండేవే కావు.

వాడు నా మాట పూర్తిగా ఒప్పుకోలేదు. నీకు కోడింగ్ తప్ప ఏం తెలుసురా అన్నాడు. కానీ టెలిమానస్ నంబర్ 14416 ఫోన్లో సేవ్ చేసుకున్నాడు. అది ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. ఒక రాత్రి ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. ఏం మాట్లాడాడో నేను అడగలేదు.

కృష్ణశాస్త్రి గారికి 1976లో పద్మభూషణ్, 1978లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాయి. 1980 ఫిబ్రవరి 24న పోయారు. రెండేళ్ళ తర్వాత దాసరి నారాయణరావు గారు మేఘసందేశం తీశారు. అడవిలోకి వెళ్ళి అక్కడి చెట్టూ చేమల్లో కలిసిపోయి, తిరిగి రాకుండా అక్కడే దాక్కోవాలని ఒక మనసు కోరుకునే పాట అందులో ఉంది. సినిమా కోసం రాసింది కాదు, కృష్ణపక్షంలోదే, అప్పటికి యాభై ఏళ్ళు దాటింది. పాడింది పి.సుశీల గారు. ఆ ఏడాది ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు ఈ సినిమాకే ఆమెకి వచ్చింది. పాట యూట్యూబ్‌లో ఉంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కామెంట్లు చదవకుండా వినండి.