మిఠాయి పంచే చెయ్యి ఆగలేదు: జాకిర్ హుసేన్ సాబ్ జీవితం

జాకిర్ హుసేన్ సాబ్ అనగానే మనకు రాష్ట్రపతి భవన్ గుర్తొస్తుంది. 1967లో దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి అయ్యారు, నిజమే. కానీ అంతకుముందు 22 ఏళ్లు ఆయన బడి పిల్లల మధ్య గడిపారు. ఆ సంగతి మన ఇళ్లలో తక్కువగా చెప్పుకుంటాం.

ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1897 ఫిబ్రవరి 8న. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఇక్కడ వకీలు. జాకిర్‌కు పదేళ్లప్పుడు తండ్రి పోయారు. కుటుంబం సొంతూరు ఖాయంగంజ్‌కు వెళ్లిపోయింది. కొన్నేళ్లకే ప్లేగు తల్లిని కూడా తీసుకుపోయింది. అనాథగా ఇటావా బడిలో, తర్వాత అలీగఢ్‌లో చదువుకున్నారు. 1920లో జామియా మిల్లియా ఇస్లామియాను మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. తర్వాత బెర్లిన్ వెళ్లి ఎకనామిక్స్‌లో డాక్టరేట్ చేశారు. 1926లో తిరిగొచ్చి, మూతపడేలా ఉన్న జామియాను భుజాన వేసుకున్నారు. అప్పటికి ఆయనకు 29 ఏళ్లే.

నేను చదివింది కామర్స్. అందుకే నా చూపు ముందు జీతం మీదికే పోయింది. ఆ చదువుకు బయట మంచి నౌకరీ దొరికేదే. అయినా 1928లో ఆయన, తోటి టీచర్లు కలిసి ఒక మాట ఇచ్చారు: ఇరవై ఏళ్లు జామియాలోనే ఉంటాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం అని. 1948 దాకా ఆయన అక్కడే ఉండి ఆ మాట నిలబెట్టుకున్నారు.

చిన్నపిల్లల చదువును ఆయన చిన్న పని అనుకోలేదు. బెర్లిన్‌లో పరిచయమైన యూదు మహిళ గెర్డా ఫిలిప్స్‌బార్న్ 1933లో జామియాకు వచ్చి చిన్నపిల్లల బాగోగులు చూశారు. పిల్లలు ఆమెను ఆపా జాన్ అనేవాళ్లు. 1935లో ఓఖ్లాలో బడికి పునాది రాయి వేయాల్సి వస్తే, ఏ నవాబునో పిలవలేదు. అందరికంటే చిన్న విద్యార్థి చేత వేయించారు.

ఒకరోజు ప్రైమరీ పిల్లలు పాసైన సంతోషంలో ఆయన మిఠాయి పంచుతున్నారు. ప్యూన్ వచ్చి, మూడేళ్ల కూతురు రెహానాకు బాగోలేదని చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కాసేపటికి మళ్లీ వచ్చాడు. పాప పోయింది. ముఖం పాలిపోయింది గానీ చెయ్యి ఆగలేదు. ఆ పసివాళ్ల సంతోషం చెడగొట్టడానికి మనసు రాలేదట. తర్వాత ఎన్నో రోజులు పొద్దున ఆయన దిండు తడిసి ఉండేదని భార్య షాజహాన్ బేగం చెప్పారు.

అలా చేయడం సరైనదేనా? ఇంట్లో ఆ తల్లి గతేంటి? నాకూ ఈ ప్రశ్న వచ్చింది. ఎవరైనా అలా ఉండాలని నేను అనను. కానీ ఆయన బిడ్డను మరిచిపోయిన మనిషి కాదు. పిల్లల కోసం రాసిన అబ్బూ ఖాన్ కీ బక్రీ కథను రుఖయ్యా రెహానా పేరుతోనే వేయించారు.

1969 మే 3న రాష్ట్రపతి పదవిలో ఉండగానే ఇంతఖాల్ అయ్యారు. ఖబర్ జామియా ఆవరణలోనే ఉంది. మన పిల్లలను నర్సరీలో వదిలేటప్పుడు ఫీజు, బిల్డింగ్, బస్సు అన్నీ అడుగుతాం. లోపల వాళ్ల చెయ్యి పట్టుకునే టీచరమ్మ ఎలాంటి మనిషో, ఆమెకు ఎంత జీతం ఇస్తున్నారో కూడా ఒకసారి అడిగి చూద్దాం.